ఒక కొస వదిలిన ఎర్ర పోగు

నేను ఒక ఎర్ర ఉన్నిపోగుని. పొడవు జానెడు. బరువెంతంటే, అరచేతిలో పెట్టుకుని కళ్లు మూసుకుంటే నేనున్నానో లేనో మీకు తెలియదు. ఖరీదు మాత్రం అడక్కండి. ఉన్ని ఉండకు ధర ఉంటుంది గానీ నాలాంటి ముక్కకు ధర కట్టే అంగడి ఎక్కడా లేదు. అయినా మూడు నెలల పాటు ఒక ఆడపిల్ల ఆకాశంలో తిరుగుతుంటే ఆమె కళ్ల ఎదుట నిలబడి, సరిగ్గా పోతున్నావా వంకరగా పోతున్నావా అని చెప్పింది నేనే.

నా మాటల్లో భయం కాస్త ఎక్కువగా వినిపిస్తే తప్పు పట్టకండి. నేను పెరిగిన ఒడి అలాంటిది.

ఎక్కడో ఉత్తరాదిన ఒక మిల్లులో పుట్టి, రంగు తొట్టెలో మునిగి, ఉండగా చుట్టుకుని, రైల్లో బస్తాల మధ్య నలిగి కదిరి బజారుకు చేరాను. అక్కడ నన్ను కొన్నది కదిరమ్మ. గుమ్మాలకు కట్టే ఉన్ని తోరణాలు అల్లి అమ్ముకుంటుంది. చదువు ఏడో తరగతితో ఆగింది. వేళ్లు మాత్రం ఆగవు. బస్సులో కూర్చున్నా అల్లుతుంది, పొయ్యి మీద పప్పు ఉడికేలోపు అల్లుతుంది. ఆ వేళ్లకు చేతి సూది ఎంత అలవాటో భయం కూడా అంత అలవాటు. సందులో సైకిలు బెల్లు ఆగకుండా మోగితే ఎవరికో ఏదో అయిందంటుంది. ఫోను మోగితే, ఎత్తేలోపు ముగ్గురు చుట్టాలను మనసులోనే సాగనంపి వస్తుంది. అందుకే ఆ ఇంట్లో ప్రతిదానికీ ఒక రక్షదారం ఉండేది. కుట్టు మిషనుకు ఒకటి, గ్యాసు బండకు ఒకటి, కూతురి కాలేజీ సంచికి రెండు.

నవ్వొచ్చినా, ఆ భయానికి ఒక కారణం ఉంది. కదిరమ్మ మొగుడు రామాంజి లారీ డ్రైవరు. చేయి మంచిది, గుండె మంచిది, ఒక్కటే చెడ్డ అలవాటు. కనుమ దిగేటప్పుడు ఇంజన్ ఆపేసి లారీని పల్లానికి వదిలేసేవాడు. అలా వదిలితే రెండు లీటర్ల డీజిలు మిగులుతుందని, ఆ డబ్బులతో పాపకు ఏదో ఒకటి కొనుక్కొస్తానని చెప్పేవాడు. పదకొండేళ్ల కిందట ఒక వేసవిలో అలాగే వదిలాడు. మూడో మలుపులో లారీ తిరగలేదు. క్యాబిన్లో సీటు వెనక ఒక బొమ్మ దొరికింది, రబ్బరు చేపపిల్ల.

అప్పుడొచ్చిన పరిహారంతో కదిరమ్మ రోడ్డు పక్కన ఎకరా ఇరవై సెంట్లు కొంది. అది ఆమెకు పొలం కాదు. దాని గట్టు మీద నిలబడితే మొగుడు పక్కన నిలబడ్డట్టు ఉంటుందట. నేను ఉండలో ఉండగా ఆమె ఎవరితోనో అంటుంటే విన్నాను.

ఇక ఆమె కూతురు హరిణి. డిగ్రీ రెండో ఏడు, ఎన్‌సీసీలో వైమానిక విభాగం. పైలట్ కావాలని ఆ పిల్ల పట్టు. ఊరికి ముప్పై కిలోమీటర్ల దూరంలో, తెల్లదొరల కాలంలో వేసిన పాత రన్‌వే మీద ఒక గ్లైడర్ క్లబ్బు ఉంది. ప్రతి ఆదివారం అక్కడికి పోయేది. ఆరు నెలలు ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు, ఎన్‌సీసీ పరేడని చెప్పింది. క్లబ్బు ఫీజు పిల్లలకు ట్యూషన్లు చెప్పి కట్టుకుంది. బయటపడిన రోజు నేను సగం అల్లిన తోరణం పక్కన ఉండలోనే ఉన్నాను. కదిరమ్మ చేయి ఒక్కసారిగా ఆగింది. సూది నాలో గుచ్చుకుని అలాగే ఉండిపోయింది.

"ఏం పాపా, ఇంజన్ ల్యాకుండా ఎట్లెగురుతాదే అది?"

"గాలి మింద మా."

"గాలిపటం గూడా గాలి మిందే ఎగురుతాది. యాడ పడతాదో దానికే తెల్దు."

"గాలిపటాన్ని ఎవురూ నడపరు మా. దీన్ని నేను నడుపుతా."

"మీ నాయన గూడా నడిపినాడు. ఇంజన్ ఆపి నడిపినాడు. అది మిగిలె, ఇది మిగిలె అని."

హరిణి లేచి, తోరణాల లెక్క రాసే పుస్తకం తీసింది. వెనక పేజీలో నిలువుగా గీత గీసి, ఒక పక్క గ్లైడర్, ఇంకో పక్క విమానం అని రాసింది. తల్లికి అర్థం కావాలని రూపాయల పక్కనే తోరణాలు కూడా వేసింది. ఖర్చులు పోను తోరణానికి రెండు వందల యాభై మిగులుతుంది. గ్లైడర్ ఒకసారి పైకెగిరి దిగాలంటే ఐదు వందలు, రెండు తోరణాలు. ఇంజన్ విమానంలో ఒక గంటకు పదిహేను వేలు, అరవై తోరణాలు. గ్లైడర్ లైసెన్సు దాకా మొత్తం లక్షా ఇరవై వేలు, నాలుగు వందల ఎనభై తోరణాలు. విమానం లైసెన్సు దాకా రెండు వందల గంటలు ఎగరాలి. పరీక్షలు, హాస్టలు, డాక్టరు సర్టిఫికెట్లు అన్నీ కలిపితే యాభై లక్షలు. ఇరవై వేల తోరణాలు.

"దినానికొకటి అల్లితే?" అంది కదిరమ్మ.

"దగ్గర దగ్గర యాభై ఐదేండ్లు."

ఎవరైనా ఇక్కడ ఏమనుకుంటారు? తక్కువలో వచ్చేది చేసుకోమంటుంది అనుకుంటారు. కదిరమ్మ ఆ రెండు పక్కలనూ చాలాసేపు చూసింది. చూసి, ఆమెకు తెలిసిన లోకం నుంచి ఒక్కటే అర్థం తీసింది. ఆ పక్క చవగ్గా ఉంది, ఎందుకంటే ఇంజన్ లేదు. ఇంజన్ మిగుల్చుకున్న చోటే మనిషి పోతాడు.

"ఎగరాల్సిందే అంటావా?"

"ఎగరాల్సిందే మా."

"అయితే ఇంజన్ ఉండేదాంట్లోనే ఎగురు. భూమి అమ్ముతా."

ఆ పిల్ల ఎంత చెప్పినా కదిరమ్మ వినలేదు. నాయన భూమి అమ్మి నేర్చుకునే చదువు నాకొద్దంది హరిణి. చవక చదువులో నిన్ను పోగొట్టుకునే ఓపిక నాకు లేదంది తల్లి. మనుషుల సంగతి నాకు ఇప్పటికీ వింతే. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఏడుస్తూ, వారం రోజులు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు.

రోడ్డు పక్క భూమి కదా, బ్రోకరు ఓబుల్రెడ్డి రెండో రోజే వచ్చి వాలాడు. యాభై రెండు లక్షలన్నాడు. సోమవారం అడ్వాన్సు ఇస్తాను, కాగితం మీద సంతకం పెట్టమన్నాడు. కదిరమ్మ తలూపింది.

ఆ సోమవారానికి ముందు రోజు ఆదివారం. హరిణి తల్లి దగ్గరికొచ్చి నిలబడి, "మా, ఈ పొద్దు నేను ఒక్కదాన్నే ఎగురుతా. సార్ తోడు రాడు. చూడాలనుకుంటే రా. చూసినాక రేపు ఏం జేస్తావో నీ ఇష్టం," అంది.

కదిరమ్మ సంచీ సర్దుకుంది. అందులో నేనున్న ఉండ, చేతి సూది, కత్తెర, తోరణాల ప్యాకింగుకు వాడే టేపు, పసుపు పొట్లం, ఒక నిమ్మకాయ. బస్సులో ముప్పై కిలోమీటర్లూ అల్లుతూనే ఉంది. ఏం అల్లుతోందో ఆమెకే తెలియదని నాకు తెలుసు, ఎందుకంటే అల్లినదంతా దిగే ముందు విప్పేసింది.

రన్‌వే పక్కన ఒక రేకుల షెడ్డు, ఒక వేపచెట్టు, ఆ నీడలో తెల్లటి గ్లైడర్. నేను అంత పొడవైన రెక్కలు ఎప్పుడూ చూడలేదు. ఒక రెక్క నేలకు ఆనించి, ఒక రెక్క ఎత్తి, ఎండలో ఒరిగి పడుకున్న కొంగలా ఉంది. కదిరమ్మ దాని చుట్టూ దూరంగా తిరిగింది. ముందు భాగం చూసింది. పంకా లేదు. వెనక్కి వెళ్లి చూసింది. పొగగొట్టం లేదు. సంచీ మీద నుంచే నన్ను గట్టిగా నొక్కి పట్టుకుంది.

అక్కడ నేర్పేది దస్తగిరి మాస్టరు. అరవై దాటిన మనిషి, వైమానిక దళంలో మరమ్మతులు చేసి రిటైరై వచ్చి, ఈ క్లబ్బులో పిల్లలకు నేర్పుతున్నాడు. జీతం పెద్దగా లేదు. కదిరమ్మను చూసి నమస్కారం పెట్టి, "టీ తాగుదాం రా తల్లీ," అన్నాడు.

"వద్దు సార్. నీడలో కూచుంటా."

మాస్టరూ హరిణీ షెడ్డులోకి వెళ్లారు. ఎగరబోయే ముందు గాలి ఎటు ఉందో, ఎంత ఉందో కూర్చుని రాసుకోవాలట. కదిరమ్మ ఒక్కతే మిగిలింది. నెమ్మదిగా దగ్గరికొచ్చింది. పైలట్ కూర్చునే చోట పైన గాజు మూత ఉంది. ఆ మూత ముందు భాగంలో, సరిగ్గా నడుమ, ఒక ఉన్నిపోగు అంటించి ఉంది. ఒకప్పుడు ఎర్రది. వెలిసి పాచిరంగుకు వచ్చింది, కొస చీకిపోయింది.

కదిరమ్మ ముఖం చూడాలి మీరు. వచ్చినప్పటి నుంచి బిగబట్టిన ఊపిరి వదిలింది. వీళ్లకూ దిష్టి సంగతి తెలుసు, రక్షదారం కట్టారు, పరవాలేదు అనుకుంది. వెంటనే రెండో ఆలోచన వచ్చింది, ఆమెకు ఎప్పుడూ రెండోదే పెద్దది. ఎంత పాత దారమో, బలం ఎప్పుడో పోయుంటుంది. కూతురు ఒంటరిగా పైకిపోయే రోజున దీనికి ఇంత చీకిపోయిన రక్షా?

పాతదాన్ని లాగింది. అది రెండు ముక్కలై చేతిలోకి వచ్చింది. సంచీలోంచి నన్ను తీసి, మూడు పేటలు వేసి జడలా అల్లింది. తొమ్మిది ముళ్లు వేసింది. ప్రతి ముడికీ కూతురి పేరు అనుకుంది. పసుపు తడిపి పూసింది. తరువాత, గాలికి ఎగిరిపోతానేమో అని, ప్యాకింగు టేపుతో ఇటు కొస ఒకచోట, అటు కొస ఒకచోట గాజుకు గట్టిగా అంటించింది. వేలితో నొక్కి నొక్కి చూసింది. నేను ఇంచు కూడా కదల్లేదు.

అంత ప్రేమతో నన్ను ఎవరూ కట్టలేదు. అంత పనికిమాలినదానిగా నేను ఎప్పుడూ లేను. రెండో సంగతి నాకు అప్పుడు తెలియదు, ఆమెకూ తెలియదు.

హరిణి వచ్చింది. ఎగిరే ముందు గ్లైడర్ చుట్టూ ఒకసారి తిరిగి, ప్రతిదాన్నీ చేత్తో ముట్టి చూడాలి. తోక దగ్గర మొదలుపెట్టింది. తోక ఆడించి చూసింది. రెక్క కింద చేయిపెట్టి ఈ చివర నుంచి ఆ చివరదాకా నడిచింది. రెక్క మీద లేచే బ్రేకు పలకలు తీసి మూసింది. చక్రం తట్టింది. తల్లి వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చివరికి నా దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

"సార్," అంది, షెడ్డు వైపు తిరిగి. "దారం ఎవురో మార్చినారు. నేను ఎగరను."

మాస్టరు వచ్చాడు. ఆ వెనకే ఈరన్న. తాడు లాగే యంత్రం నడిపేది అతనే. ముగ్గురూ నన్ను చూశారు. తొమ్మిది ముళ్లూ, పసుపూ, అటు టేపూ ఇటు టేపూ. కదిరమ్మ రెక్క నీడలో నిలబడి కొంగు వేలికి చుట్టుకుంటోంది.

"నేనే పాపా," అంది. "పాతది చీకిపోయింటే."

ఈరన్న పకపకా నవ్వాడు. "ఆయమ్మ విమానానికి జడేసింది సార్. పూలొకటే తక్కువ."

"నవ్వద్దు ఈరన్నా," అన్నాడు మాస్టరు.

హరిణి ముఖం ఎర్రబడింది. "మా, అది దిష్టికి కట్టింది గాదు. దాన్ని ముట్టుకుంటే..." అని, తల్లి కళ్లు చూసి మిగతాది మింగేసింది.

మాస్టరు కోప్పడలేదు. వాచీ చూసుకుని, "ఎవరో ముట్టుకున్న మిషను. మళ్లా తోక నుంచి చూడాల. ఈసారి నేనూ చూస్తా," అన్నాడు.

ఎండ ఎక్కుతోంది, ఇంకో గంట గడిస్తే గాలి పెరుగుతుంది, ఇవాళ్టికి ఒంటరి ఎగురుడు ఉండకపోవచ్చు. అది హరిణికి తెలుసు. అయినా మాట్లాడకుండా తోక దగ్గరికి వెళ్లింది. ఇద్దరూ వంగి, మోకాళ్ల మీద కూర్చుని, చిన్న అద్దం పట్టుకుని రెక్క సందుల్లో చూసి, ప్రతి బోల్టునూ వేలితో తడిమారు. ముప్పై ఐదు నిమిషాలు.

కదిరమ్మ నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. ఒక్క ఉన్నిపోగు మారినందుకు ఇంత సోదా. రామాంజి లారీ తీసే ముందు టైరును ఒక తన్ను తన్నేవాడు. అంతే, అదే పరీక్ష. పదకొండేళ్లలో మొదటిసారి ఆమెకు అనిపించింది, ఆయన ఇంజన్ లేక పోలేదేమో, చూసుకోక పోయాడేమో అని. ఆ మాట ఆమె పైకి అనలేదు. గాజు మీద నుంచి నన్ను పీకి పిడికిట్లో బిగించుకున్న తీరుకు నాకు తెలిసింది.

సోదా అయ్యాక మాస్టరు చేతులు తుడుచుకుంటుంటే ఆమె దగ్గరికి వెళ్లింది.

"సార్, మా ఆయన కనుమలో ఇంజన్ ఆపి పొయినాడు. డీజిలు మిగులుతుందని. ఈడ గూడా ఇంజన్ ల్యాకనే గదా ఇంత చవక?"

మాస్టరు అక్కడే రాయి మీద కూర్చున్నాడు, ఆమెనూ కూర్చోమన్నాడు.

"చవక ఇంజన్ లేక వచ్చిందే తల్లీ, అబద్ధం చెప్పను. పెట్రోలు లేదు, ఇంజన్ మరమ్మతు లేదు. ఉండే ఒక్క ఇంజనూ అదో, కింద ఉంది." రన్‌వే అవతలి కొసన ఈరన్న యంత్రం చూపించాడు. పాత లారీ ఇంజన్, దానికి పెద్ద చక్రం, చక్రానికి కిలోమీటరు పొడవు తాడు. "అది లాగి పైకి పంపుతాది, తాడు వదిలేస్తాది. ఆ పైన రెక్క మోస్తాది."

"మరి బ్రేకులు?"

"లారీని పల్లంలో పట్టుకునేది ఇంజన్. ఆపేస్తే పట్టు పోతాది. మీ ఆయన ఆపింది అదీ. దీనికి ఇంజన్ పట్టు ఎప్పుడూ లేదు, అందుకని దాని మీద ఆశ పెట్టుకుని ఎవరూ నడపరు. బ్రేకులు రెక్కల్లో ఉన్నాయి. ఎంత ఎత్తు ఉంటే అంత డీజిలు ఉన్నట్టు. ఆ ఎత్తులో ఎంత దూరం పోవచ్చో, ఎప్పుడు వెనక్కి తిరగాలో, అదే ఈడ చదువు."

"ఇంజన్ ఉండేదాంట్లో అయితే ఆ భయం ఉండదు గదా?"

"దాంట్లో గాల్లో ఇంజన్ ఆగితే ఏం చేయాల తల్లీ? ఇట్లే దిగాల. యాభై లక్షలు పోసి నేర్చుకున్నోళ్లకు ఎప్పుడో ఒకనాడు వచ్చే గండం, ఈ పిల్ల ప్రతి ఆదివారం చేసే పని. నీ బిడ్డ ఇంతవరకూ నాతో డెబ్బై రెండు సార్లు దిగింది. డెబ్బై రెండు సార్లూ ఇంజన్ లేదు." టోపీ సర్దుకుని అన్నాడు. "విమానం నేర్చుకోవద్దు అనను. ఖరీదైన చదువే, మంచి చదువే. ఇది ముందు వస్తే అక్కడ గంటలు తగ్గచ్చు, తగ్గకపోనూ వచ్చు. చేతికి వచ్చిన పని మాత్రం ఎక్కడికీ పోదు."

కదిరమ్మ పిడికిలి తెరిచి నన్ను చూపించి, "ఇది ఏంటికి సార్ మరి?" అంది.

"విమానంలో ఇంకా ఎన్నో మీటర్లు ఉంటాయి, లక్షలు పెట్టి కొనేవి. ఈడ మీటర్లన్నిటి కంటే ముందు మేము చూసేది ఈ పోగునే. ముక్కు సూటిగా పోతుంటే ఇది గాజు మీద సూటిగా ఉంటాది. పక్కకు జారితే ఇది పక్కకు పోతాది. అంతే. నువ్వే కట్టు, ఒక్క పేట, పసుపు లేకుండా. ముందు కొస అంటించు. వెనక కొస వదిలెయ్."

"వదిలేస్తే ఎగిరిపోదూ?"

"ఒక కొస నీ దగ్గరే ఉంది గదా తల్లీ. రెండూ కట్టేస్తే అది ఏమీ చెప్పదు."

ఆమె మూడు పేటలూ విప్పింది. ముళ్లన్నీ ఒక్కొక్కటే విప్పింది. తొమ్మిదో ముడి రాలేదు, పంటితో లాగింది. పసుపు లేని చోటు చూసి జానెడు కత్తిరించింది. అదే నేను, ఇప్పుడు మీతో మాట్లాడుతున్నది. గాజు మీద ముందు కొస పెట్టి టేపు వేసింది. వెనక కొసను రెండు వేళ్లతో పట్టుకుని అలాగే ఉండిపోయింది. హరిణి లోపల కూర్చుని బెల్టులు బిగించుకుని, గాజులోంచి తల్లి వేళ్లను చూస్తోంది. తొందరపెట్టలేదు.

కదిరమ్మ వేళ్లు తెరిచింది.

ఈరన్న ఇంజన్ గర్జించింది. ఆ గొంతు కదిరమ్మకు తెలుసు, పదేళ్లు ఇంటి ముందు ఆగిన గొంతు. తాడు బిగిసింది. నేల జరజరా పాకి, ఒక్క క్షణంలో మాయమైంది. నేను గాజుకు అతుక్కుపోయి వెనక్కి సాగాను. ముందు హడలిపోయింది నేనే. తాడు తెగితే, రెక్క విరిగితే, పిల్లకు కళ్లు తిరిగితే అని కదిరమ్మ ఒడిలో నేర్చినవన్నీ వరసగా తలుచుకున్నాను. హరిణి పెదాలు కదులుతున్నాయి. దండకం కాదు, అంకెలు. ఎత్తు చదువుతోంది. నాలుగు వందలు, ఏడు వందలు, వెయ్యి అడుగులు. పసుపుపచ్చ పిడి లాగింది. తాడు ఊడి కింద పడిపోయింది.

అంతటా నిశ్శబ్దం.

కింద ఆ సమయంలో ఏం జరిగిందో తరువాత ఈరన్న చెబుతుంటే విన్నాను. తాడు పడగానే అతను ఇంజన్ తగ్గించాడు. ఆ చప్పుడు ఆగడంతో కదిరమ్మ రెండు చెవులూ మూసుకుని నేల మీద కూర్చుండిపోయిందట. చప్పుడు ఆగితే చెవులు మూసుకునే మనిషిని అతను అంతవరకు చూడలేదట. మాస్టరు పక్కన కూర్చుని, "చూడు తల్లీ, వదిలినాక కూడా పోతానే ఉంది," అన్నాడట.

పైన మాకు గాలి ఈల తప్ప ఏమీ లేదు. ఎర్రమట్టి పొలాలు, శనగ చేల మధ్య రోడ్డు, దూరంగా కొండలు. ఒక గద్ద మా రెక్క పక్కన కాసేపు తిరిగి, మమ్మల్ని ఎగాదిగా చూసి వెళ్లిపోయింది. దిగడానికి చివరి మలుపు తిరిగేటప్పుడు హరిణికి కాస్త కంగారు పుట్టింది. రన్‌వే వరస దాటిపోతానేమో అని త్వరగా తిప్పింది. ముక్కు మలుపు లోపలికి జారింది. అంత తక్కువ ఎత్తులో, అంత నెమ్మదిగా పోతూ అలా జారడం ప్రమాదం. ఏ మీటరూ ఇంకా ఏమీ అనలేదు. నా కొస ఎడమకు ఒరిగింది.

ఆమె చూసింది. కుడికాలు మెత్తగా నొక్కింది. నేను నడిమికి వచ్చాను. రెక్కలు సమం చేసింది. నేను సూటిగా నిలిచాను. ఆ తరువాత నేల తాకే వరకూ నేను కదల్లేదు, కదలనివ్వలేదు ఆ పిల్ల. చక్రం మట్టిని ముద్దాడినట్టు ఆనింది.

ఆరు నిమిషాలు. రెండు తోరణాల ఖరీదు.

హరిణి బయటికి దిగేసరికి కదిరమ్మ పరుగున వచ్చింది. కూతుర్ని పట్టుకుంటుందని అందరూ అనుకున్నారు. ముందు గాజు దగ్గరికి వచ్చి నన్ను చూసింది. తాను వదిలిన కొస తెగకుండా ఉందో లేదో చూసింది. అప్పుడు కూతురి ముఖం రెండు చేతుల్లోకి తీసుకుంది.

"మలుపులో ఎందుకు అట్ల జారితివే?"

హరిణి కళ్లు పెద్దవయ్యాయి. "కింద నుంచి నీకెట్ల తెలిసింది మా?"

"రెక్క ఒరిగిన తీరు చూస్తే తెల్దా? మీ నాయన లారీలో పక్కన కూచున్నదాన్ని నేను, ఏండ్లు." ఆపి, కళ్లు తుడుచుకుంది. "మళ్లా సరిచేసుకుంటివి గదా. చూసినా."

మాస్టరు ఆమె వైపు చూసి, తరువాత టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

సోమవారం ఓబుల్రెడ్డి అడ్వాన్సు తెచ్చాడు. కదిరమ్మ గుమ్మంలో తోరణం కడుతూ స్టూలు మీద నుంచే మాట్లాడింది.

"ఇప్పుడు గాదు రెడ్డీ. ముందు అది నేర్చుకునేది నేర్చుకోనీ. దాని చేతిలో లైసెన్సు పడినాక ఇంజన్ విమానం సంగతి చూస్తాం. స్కాలర్‌షిప్పులు ఉంటాయంట, బ్యాంకోళ్లు ఉంటారంట. అప్పుడు గూడా అమ్మాల్సి వస్తే అమ్ముతా. భయపడి మాత్రం అమ్మను."

"ధర పడిపోతాది కదిరమ్మా."

"పడనీ. పడేటివన్నీ పగిలిపోవులే."

ఆమె భయం పోయిందని మాత్రం అనుకోవద్దు. ప్రతి ఆదివారం రన్‌వే పక్కన వేపచెట్టు కింద కూర్చుని అల్లుతూనే ఉంది. గాలి ఎటుందో చూపే గుడ్డ సంచి స్తంభం మీద కాస్త ఊగితే చాలు, "సార్, గాలి ఎక్కువుంది," అంటుంది. మాస్టరు వెళ్లి గాలి కొలిచి చూస్తాడు. మూడుసార్లు ఆమె మాటే నిజమై ఎగురుళ్లు ఆపేశారు. ఆ మనిషి భయం కూడా ఒక మీటరే అని, దాన్ని ఎవరూ ఇంతవరకూ సరైన చోట బిగించలేదని ఆయన ఈరన్నతో అన్నాడు.

మూడు నెలల ఎండకు నేను వెలిశాను. కొస చీకింది. నన్ను తీసి కొత్త పోగు పెట్టే రోజు వచ్చింది. ఆ పని ఎప్పుడూ కదిరమ్మదే, పెట్టడం, వదలడం. ఈరన్న నన్ను ఊడ్చేయబోతే, ఇటివ్వమని తీసుకుని ఇంటికి తెచ్చింది. భూమి పాసుపుస్తకం తెరిచి, రామాంజి ఫోటో దాచుకున్న పేజీలో పెట్టింది. టేపు ముక్కతో ముందు కొస మాత్రమే అంటించింది.

ఇప్పుడు నా ఇల్లు అదే. హరిణి గ్లైడర్ లైసెన్సు పరీక్షకు ఇంకా పద్దెనిమిది ఎగురుళ్లు ఉన్నాయి, ముప్పై ఆరు తోరణాలు. ఎక్కువ కాలం చీకట్లో ఉంటాను. అప్పుడప్పుడు ఓబుల్రెడ్డి కొత్త ధర మోసుకొస్తాడు. కదిరమ్మ పాసుపుస్తకం తీసి బల్ల మీద తెరుస్తుంది. పక్కనే టేబుల్ ఫ్యాను తిరుగుతూ ఉంటుంది. ఆ గాలికి నా కొస మెల్లగా లేస్తుంది, ఒకసారి అటు ఒకసారి ఇటు ఊగి, నిలుస్తుంది.

ఆమె వేలు పెట్టకుండా చూస్తుంది.

"సూటిగానే పోతాంది," అంటుంది, బ్రోకరుకు అర్థం కాని మాట. అని పుస్తకం మూసేస్తుంది.